తుక్కు కొట్లో తాతగారి తోపడ: పాత పనిముట్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాలు చాలానే వచ్చాయండి, అన్నీ వేయడానికి చోటు చాలదు, అందుకని ఆరు తీసుకున్నాను. కొన్నిటికి జవాబు పెద్దదైపోయింది, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. మా మండువా ఇల్లు పడగొడుతుంటే అటక మీద తాతయ్య గారి చెక్కపెట్టె దొరికింది, అందులో చెక్కని చిత్రిక పట్టే ఇనప తోపడ ఒకటుంది. పిడి ఎర్రగా నల్లగా చారలున్న చెక్క, మిగతా ఒళ్ళంతా తుప్పు, బ్లేడు మీద ఇంగ్లీషు అక్షరాలు సగం సగం కనపడుతున్నాయి. మా బావ గ్రైండర్ పెట్టి లాగిస్తే కొత్తదాన్లా మెరిసిపోద్ది అంటున్నాడు. చేయించమంటారా? అసలు ఇది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?

జవాబు: చేయించొద్దండి. మీ బావగారు మంచి మనసుతోనే అన్నారు, కానీ గ్రైండర్ తగిలిందంటే ముందు పోయేది ఆ సగం కనపడే అక్షరాలే, అవి పోయాక ఆ తోపడ ఎవరు చేశారో ఎప్పుడు చేశారో చెప్పే సాక్షి ఇంకోటి ఉండదు. బ్లేడుకి ఇంకో ప్రమాదం కూడా ఉంది, గ్రైండర్ వేడికి ఉక్కు మీద నీలం రంగు తేలిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా వెళ్ళినట్టు, ఆ మేర పదును నిలబెట్టే గట్టిదనం పోయినట్టే, తర్వాత ఎంత సానపట్టినా రెండు చెక్కలు గీసేసరికి మొండిబారిపోద్ది. నాకు ఇది తెలిసేసరికి ఒక మంచి వస్తువు పోయింది. ఇరవై ఏళ్ళ కిందట రాజమండ్రి తుక్కు కొట్లో కిలోల లెక్కన తూచి కొన్న తోపడని ఒక లేతు షాపులో ఇచ్చి శుభ్రం చేయమన్నాను, సాయంత్రానికి అద్దంలా చేసి ఇచ్చారు, బ్లేడు మీద ముద్ర లేదు, అంచు మీద చేత్తో చెక్కిన "వె" అనే తెలుగు అక్షరం కూడా లేదు. ఆ "వె" ఎవరో ఒక వడ్రంగి తన పేరులోంచి చెక్కుకున్న అక్షరం. వెంకన్నో వెంకటాచారో ఇంక ఎవరికీ తెలీదు.

సరే, మీరు చేయాల్సింది చెప్తాను. ముందు ఏదీ విప్పకుండా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తర్వాత మరల (స్క్రూల) మీద రెండేసి చుక్కలు కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నే స్క్రూడ్రైవర్ మరగాడిలో నిండుగా కూర్చునేది చూసుకుని నిదానంగా తిప్పండి, బలవంతం వద్దు. ఆ పాత కంపెనీల మరలు మన బజార్లో దొరికే సైజులు కావు, తల విరిగిందంటే జత దొరకదు.

విప్పాక బ్లేడు ఆనుకునే ఇనప దిమ్మ వెనకాల, అడుగు పలక మీద చూడండి. అమెరికా స్టాన్లీ కంపెనీ వాళ్ళది అయితే అక్కడ పోతలోనే, అంటే ఇనుము కరిగించి పోసినప్పుడే పడేలా, పేటెంట్ తేదీలు ఉండొచ్చు. 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19 అని రెండే ఉంటే ఒక లెక్క, వాటి కింద 1910 ఏప్రిల్ 19 అని మూడోది కూడా ఉంటే అది 1910 తర్వాత పోసింది, దాదాపు మొదటి ప్రపంచ యుద్ధం కాలం నాటిది. ముందు పక్క గుండ్రటి పిడి పొట్టిగా ఉంటే పాతది, పొడుగు పిడి 1920 ప్రాంతం నుంచి వచ్చింది. మేడ్ ఇన్ ఇంగ్లాండ్ అని ఉన్న స్టాన్లీ అయితే 1930ల చివర్నుంచి ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ అనే ఊళ్ళో చేసిన రకం. నీలం రంగు పెచ్చులు కనపడి, అంకె ముందు సున్నా ఉండి 04 అనో 05 అనో ఉంటే అది రికార్డ్ అనే బ్రాండు, షెఫీల్డ్‌లోనే హాంప్టన్ వాళ్ళు 1931 నుంచి చేసినవి. బ్లేడు మీద ముద్ర ఒక్కటే చూసి మాత్రం వయసు కట్టేయకండి, బ్లేడు అరిగిపోతే కొత్తది వేసుకోవడం వడ్రంగులకి మామూలే కాబట్టి ఒళ్ళు ఒక కాలానిది బ్లేడు ఇంకో కాలానిది అవుతూ ఉంటాయి.

తుప్పుకి నేను వాడేది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరికేదే, లీటరు నీళ్ళకి 50 గ్రాములు. ఇనప భాగాలు మాత్రమే ముంచాలి, చెక్క పిడి అస్సలు తగలకూడదు. గంటకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమి చూడండి, రెండు మూడు గంటల్లో ఊడొస్తుంది, అందులో పడేసి ఊరెళ్ళారంటే ఇనుమునే తినేస్తుంది. తీశాక వంటసోడా నీళ్ళలో ఒకసారి ముంచి, వేడినీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాయండి. మన ఆడవాళ్ళు ఇత్తడి బిందెలకి చింతపండు పెట్టి తోముతారు చూడండి, ఇదీ అదే పని, పులుపు తుప్పుని కరిగించేస్తుంది.

బ్యాటరీ చార్జర్‌తో చాకలి సోడా నీళ్ళలో పెట్టే పద్ధతి కూడా బాగుంటుంది, పనిముట్టు మైనస్‌కి, పనికిరాని ఇనప ముక్క ప్లస్‌కి. గాలి బాగా ఆడే చోట పెట్టండి, మంటలొచ్చే గ్యాసు పుడుతుంది, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. ప్లస్ వైపు స్టీలు గిన్నె ముక్క పెడితే సులువని ఎవరైనా చెప్తే వినకండి, స్టెయిన్‌లెస్‌లోంచి విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది.

అన్నీ అయ్యాక ఆ నల్లటి మచ్చలు కొన్ని అలాగే ఉండిపోతాయి. ఉండనివ్వండి, వందేళ్ళ చేతి చెమట అది.

ప్రశ్న: తణుకు నుంచి రాస్తున్నా అండీ, ప్రైవేటు ఉద్యోగం, ఆదివారం ఒక్కటే ఖాళీ. పాత పనిముట్లు సేకరించాలని కొత్తగా సరదా పుట్టింది. మన గోదావరి జిల్లాల్లో ఎక్కడ వెతకాలి? ఏం అడగాలి?

జవాబు: తమ్ముడూ, ఆదివారం ఒక్కటే అన్నావు కాబట్టి పొద్దున్నే లేవాలి మరి. తుక్కు కొట్లకి సరుకు వారమంతా చిన్న ఆటోల్లో, తోపుడు బళ్ళ మీద వస్తూనే ఉంటుంది, మైకులో పాత ఇనుం కొంటాం అని అరుచుకుంటూ తిరిగేవాళ్ళు ఊళ్ళమ్మట ఏరుకొచ్చి కొట్లో పోస్తారు, లోడు లారీకి ఎక్కిందంటే ఇంక అది కొలిమికే. కాబట్టి ఒకే కొట్టుకి నెలనెలా వెళ్ళి ఆయనతో మాట కలుపు, ఒక టీ తాగు, చెక్క పిడి ఉన్న ఇనప సామాను ఏదొచ్చినా పక్కన పెట్టమని చెప్పి నీ నంబరు ఇచ్చి రా. తుక్కు రేటు మీద పది రూపాయలు ఎక్కువ వస్తుందంటే ఎవరైనా పక్కన పెడతారు.

రెండోది, పడగొట్టే ఇళ్ళు. కోనసీమలో మండువా ఇళ్ళు ఒక్కొక్కటీ పోతున్నాయి, తలుపులూ స్తంభాలూ కొనేవాళ్ళు ముందే వచ్చి బేరం ఆడేస్తారు, అటక మీద పెట్టె మాత్రం కూలీల చేతికొస్తుంది. కూలీల మేస్త్రీని పరిచయం చేసుకో.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, పడవలు కట్టే చోట్లు. నరసాపురంలో 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టేవారు, యూరప్ వాళ్ళు కూడా వచ్చి ఇక్కడ కట్టించుకున్నారు. అటు కోరంగి రేవు 1839 ఉప్పెనలో దెబ్బతిన్నా ఆ పక్కనే తాళ్ళరేవు వైపు చెక్క పడవల పని చాలా కాలం నడిచింది. పడవ పని చేసే వడ్రంగి పెట్టె ఇల్లు కట్టే వడ్రంగి పెట్టెలా ఉండదు. చెక్కని చెక్కడానికి ఒంపు తిరిగిన బాడిస ఉంటుంది, బెజ్జాలు వేయడానికి మూర పొడవు బరమాలుంటాయి, ఇంకా పలకల సందుల్లో పీచు దట్టించడానికి మొద్దుగా పదును లేకుండా ఉండే ఉలి ఒకటి ఉంటుంది. తెలియనివాళ్ళు దాన్ని పదును పోయిన ఉలి అనుకుని తుక్కులో వేసేస్తారు, అది పుట్టడమే మొద్దుగా పుడుతుంది. అంచు మధ్యలో సన్నటి గాడి కనపడితే అదే అనుకో.

ధవళేశ్వరం వైపు కూడా ఓ చూపు వేసి ఉంచు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది, కాటన్ దొర కాలంలోనే అక్కడ వర్క్‌షాపులు పెట్టారు, ఆ తర్వాత కాలవలూ లాకులూ వాటి చెక్క తలుపులూ అంటూ తరాల తరబడి వడ్రంగానికీ కమ్మరానికీ పని ఉంది. సర్కారీ ముద్రలున్న సుత్తులూ పానాలూ ఇప్పటికీ అక్కడక్కడ బయటపడతాయి. బాణం గుర్తు ఉంటే అది బ్రిటిషు ప్రభుత్వ సామాను. కానీ ప్రభుత్వ ముద్ర ఉన్నది ఏదైనా వేలంలో కొన్నదా కాదా అని అమ్మేవాడిని అడుగు, సరిగ్గా చెప్పకపోతే ఎంత ముద్దొచ్చినా వదిలెయ్.

ఏం అడగాలి అన్నావు కదా. ధర ఆఖర్న అడుగు. ముందు "ఇది ఎవరిదండీ, దీంతో ఏం చేసేవారు" అని అడిగి, చెప్పింది అక్కడే కాగితం మీద రాసుకో. వస్తువుతో పాటు ఊరి పేరు, ఇంటి పేరు, పని పేరు రాసిన చీటీ కట్టి ఉంటేనే అది సేకరణ, చీటీ లేనివి వంద ఉన్నా నా లెక్కలో మంచి తుక్కు. ఇంకో మాట, వడ్రంగి ఇంటికెళ్ళినప్పుడు తుక్కు రేటు మాట్లాడొద్దు. ఆయన పెట్టెలోది ఆయన అన్నం పెట్టిన వస్తువు, దాని విలువ నీకు తెలిసీ ఆయనకి తెలీనప్పుడు నువ్వే చెప్పి కొను.

ప్రశ్న: రామచంద్రపురం నుంచి. సంతలో పాత ఉలి ఒకటి కొన్నాను సార్. దాని మీద క్యాస్ట్ స్టీల్ అని ఇంగ్లీషులో ఉంది. ఇది పోత ఇనుము, దెబ్బ పడితే విరుగుద్ది, తుక్కులో వేసేయమని తెలిసినాయన చెప్పాడు. నిజమేనా?

జవాబు: అయ్యో, వేయకండి బాబూ, ఇంకా మీ దగ్గరుంటే చాలు! ఈ ఒక్క మాట అర్థం కాక ఎన్ని మంచి ఉలులు కరిగిపోయాయో. పోత ఇనుము వేరు, క్యాస్ట్ స్టీల్ వేరు. ఇది మూసలో, అంటే కొలిమిలో పెట్టే మట్టి కుండలో, కరిగించి తీసిన ఉక్కు. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలు చేసే ఆయన, స్ప్రింగులకి మంచి ఉక్కు దొరక్క, షెఫీల్డ్‌లో మట్టి మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. అప్పట్నుంచి 20వ శతాబ్దం మొదటి భాగం దాకా మంచి ఉలులు, రంపాలు, తోపడ బ్లేడ్ల మీద ఆ మాట గర్వంగా గుద్దేవారు. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఆ కాలంలో అన్నిటికన్నా మేలైన సరుకు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మూసలో ఉక్కు వండటం హంట్స్‌మన్ పుట్టక ముందే మనవాళ్ళకి తెలుసు. తెలంగాణలో కోనసముద్రం ఊళ్ళో చేసిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్ళి కత్తులయ్యాయి, ఇంగ్లీషు వాళ్ళు దాన్ని వూట్జ్ అన్నారు, ఆ మాట మన దక్షిణాది ఉక్కు అన్న మాటలోంచే వెళ్ళిందని చెప్తారు. ఇంగ్లాండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అంతటి వాడు 1819లో ఆ ఉక్కు మీద పరీక్షలు చేసి వ్యాసం రాశాడు. ఇలాంటి ఉలి పట్టుకున్నప్పుడల్లా నాకైతే ఆ కొలుములు గుర్తొస్తాయి.

ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. ఉలి వాలు వైపు సానరాయి మీద నున్నగా అరగదీసి, ఎండలో కొంచెం పక్కకి వంచి చూడండి. అంచు దగ్గర మెరిసే తెల్లటి పట్టీ, దాని వెనక కాస్త బూడిద రంగు, మధ్యలో సన్నటి గీత కనపడితే అది రెండు లోహాలు కలిపి కొట్టిన ఉలి. ముందు గట్టి ఉక్కు, వెనక మెత్తని ఇనుము. మన కమ్మరి గొడ్డలికి ఉక్కు పెట్టిస్తాడు చూడండి, అదే విద్య. వెనక మెత్తన ఉంది కాబట్టే సుత్తి దెబ్బకి విరగదు, ముందు గట్టిగా ఉంది కాబట్టే పదును నిలుస్తుంది. గీత కనపడకపోయినా దిగులు పడకండి, మొత్తం ఉక్కుతో చేసినవీ ఉన్నాయి.

ప్రశ్న: భీమవరం నుంచి. ఆన్‌లైన్‌లో ఒకాయన స్టాన్లీ నంబర్ 1 తోపడ 18 వేలకి ఇస్తానంటున్నాడు. ఇది చాలా అరుదైనది అంటారు కదా, కొనేయమంటారా?

జవాబు: తొందరపడకండి. నంబర్ 1, అంటే ఆ వరసలో అన్నిటికన్నా చిన్న సైజు తోపడ, నిజంగానే అరుదు, సేకరించేవాళ్ళు దాని కోసం కలవరిస్తారు, అందుకే నకళ్ళు కూడా దాని మీదే ఎక్కువ. అసలుది పొడవు అయిదున్నర అంగుళాలు, బ్లేడు వెడల్పు అంగుళంపావు, అరచేతిలో పట్టేస్తుంది. బ్లేడుని పక్కలకి సర్దే చిన్న మీట మిగతా నంబర్లకి ఉంటుంది, నంబర్ 1కి ఉండదు. ఫొటోలో ఆ మీట కనపడితే అక్కడితో మాట ఆపేయండి. పోత మీద గరుకు ఎక్కువగా ఉన్నా, మరల గాళ్ళు కొత్తగా పదునుగా ఉన్నా, చెక్క పిడికి ఎక్కడా అరుగుదల లేకుండా ఇనుముకి మాత్రం తుప్పు ఉన్నా అనుమానించాలి, తుప్పు వారం రోజుల్లో పట్టించొచ్చు, అరుగుదల పట్టించడం కష్టం. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో, అడుగు భాగం ఫొటో, విప్పిన భాగాల ఫొటో అడగండి. ఇవ్వనన్నాడా, వదిలేయండి.

నిజంగా పని చేసుకోవాలనుంటే ఆ డబ్బుకి నంబర్ 4, నంబర్ 5 రెండూ వచ్చి ఇంకా మిగుల్తాయి, అవి దొరుకుతూనే ఉంటాయి.

ప్రశ్న: యానాం. మా అన్నయ్య అమెరికా నుంచి వచ్చాడు, తాతగారి బాడిస, రంపం, ఇత్తడి మూలమట్టం తీసుకెళ్తానంటున్నాడు. ఎయిర్‌పోర్టులో ఇబ్బంది ఉంటుందా అండి?

జవాబు: ఉండొచ్చమ్మా. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు, చేతిపనులకి సంబంధించినవి కూడా అందులోకి రావచ్చు. వందేళ్ళు కాలేదని మీకు తెలిసినా అక్కడ అధికారికి తెలియాలి కదా, అందుకని ముందే పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి ఇది పురావస్తువు కాదు అని సర్టిఫికెట్ తీసుకోమనండి. పదునున్నవి ఎలాగూ చేతి బ్యాగులో వెళ్ళవు. నన్నడిగితే మూలమట్టం ఒక్కటి జ్ఞాపకంగా తీసుకెళ్ళి బాడిస ఇక్కడే ఉంచితే బాగుంటుంది, ఆ బాడిస పిడి తాతగారి చెయ్యి ఎత్తుకి తగ్గట్టు చేసుకున్నది, ఆయన పనిచేసిన ఊళ్ళోనే దానికి అర్థం.

ప్రశ్న: నరసాపురం దగ్గర నుంచి రాస్తున్నానండి, ఆడపిల్లని. మా నాన్నగారు పడవలు చేసేవారు, ఇప్పుడు చూపు ఆనక పని మానేశారు. ఫైబర్ పడవలొచ్చాక ఆ పని కూడా లేదనుకోండి. ఆయన పెట్టెలో ముప్ఫై దాకా పనిముట్లు ఉన్నాయి. ఎవరో వచ్చి మొత్తం కలిపి అయిదు వేలకి అడిగారు. నాన్న ఏమీ అనలేదు, పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నారు. ఉప్పుగాలికి అన్నీ పాడైపోతున్నాయి కూడా. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ బేరం ఇప్పుడు ఒప్పుకోకండి. ధర తక్కువనే కాదు, నాన్నగారు ఇంకా సరేనని అనలేదు కదా. పెట్టె ఆయనది, మాట కూడా ఆయన నోటంటే రావాలి.

పాడవకుండా చూడటం పెద్ద పనేం కాదు. పెట్టెని నేల మీంచి తీసి రెండు ఇటుకల మీదో బల్ల మీదో పెట్టండి, సముద్రం దగ్గర ఊళ్ళల్లో గచ్చు చెమ్మ కిందనుంచి లాగుతుంది. ఒక్కోదాన్నీ పొడి గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె గానీ ఆముదం గానీ పల్చగా రాయండి, ఇంట్లో ఉన్నదే చాలు. నువ్వుల నూనె వద్దు, కొన్నాళ్ళకి బంకలా పట్టేస్తుంది. ప్లాస్టిక్ కవర్లలో చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టి ఇంకా తొందరగా తుప్పొస్తుంది, పాత నూలు పంచె ముక్కల్లో చుట్టండి. వానాకాలం నెలకోసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి తీసి చూస్తే సరిపోద్ది. వరదొస్తుందని దండోరా వేస్తే బట్టల మూటతో పాటు ఈ పెట్టె కూడా ఎత్తు మీద పెట్టండి, 1986 గోదారి వరదకీ 1996 నవంబరు తుఫానుకీ ఎన్ని ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలు బురదలో కలిసిపోయాయో మన లంకల్లో ఎవర్నడిగినా చెప్తారు.

ఇంక అసలు పని. ఒక సాయంత్రం నాన్నగారి పక్కన కూర్చుని ఒక్కో పనిముట్టూ ఆయన చేతికివ్వండి. చూపు ఆనకపోయినా పర్లేదు, చెయ్యి గుర్తుపడుతుంది. నేనొక పెద్దాయన దగ్గర చూశాను, కళ్ళు మూసుకునే ఉలి అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి, ఇది చుక్కాని గాడికి, ఇది అడుగు దూలానికి అని విడివిడిగా పెట్టేశారు, ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఆయన చేతిలో పిడి తిరిగే తీరు చూస్తే ఆ పిడి మీద పల్లం ఎందుకు పడిందో అర్థమైంది నాకు, బొటనవేలికి ఒకటి, చూపుడువేలి పక్కకి ఒకటి, చెక్క ఇంకోలా పట్టుకోనివ్వదు. అలా నాన్నగారు చెప్తుంటే ఫోన్లో రికార్డు చేయండి. దాని పేరేంటి, ఎవరు కొట్టి ఇచ్చారు, ఏ కమ్మరి ఏ ఊరు, పిడి ఏ కర్ర, దాంతో ఆఖరిసారి ఏ పడవ చేశారు, ఆ పడవ ఎవరిది. నేను రాసిపెట్టుకున్న పనిముట్ల పేర్లన్నీ ఇళ్ళ వడ్రంగులు చెప్పినవే, పడవ పని వాళ్ళ మాటలు వేరు, నాకు తెలిసి ఇవి ఎక్కడా పూర్తిగా రాసి లేవు.

అదయ్యాక కూడా అమ్మాలనుకుంటే అమ్మండి, డబ్బు అవసరం ఎవరికైనా ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ మొత్తంగా కట్టకట్టి ఇవ్వొద్దు. ముద్రలున్న విదేశీ ఉలులూ బరమాలూ విడిగా పెట్టండి, వాటికే మంచి ధర వస్తుంది. స్థానికంగా కమ్మరి కొట్టినవి బజార్లో ఎవరూ పెద్దగా అడగరు, నా దృష్టిలో మాత్రం ఆ పెట్టెలో అరుదైనవి అవే, షెఫీల్డ్ ఉలి ఇంకోటి దొరుకుతుంది, మీ నాన్నగారు ఒంపు చెప్పి కొట్టించుకున్న బాడిస ఇంకోటి ఉండదు. అది ఒక్కటైనా ఉంచుకోండి.

ఫొటోలు తీసి ఈ శీర్షికకి పంపండి, ఏది ఏంటో నాకు తెలిసినంత రాస్తాను. పలకల సందుల్లో పీచు కొట్టే ఆ మొద్దు ఉలిని మీ నాన్నగారు ఏమని పిలుస్తారో మాత్రం ఆయన్నడిగి తప్పకుండా రాయండి అమ్మా.